భుజ్ పాత నగరం: కూలిన బజారును తిరిగి కట్టినప్పుడు ఒక చిన్న నగరం నేర్పిన పాఠాలు

పట్టణీకరణ మీద ప్రశ్న రాగానే మనలో చాలామంది కలం ముంబై, ఢిల్లీ, బెంగళూరు వైపే పోతుంది. మురికివాడలు, ట్రాఫిక్, మెట్రో, స్మార్ట్ సిటీ అని నాలుగు మాటలు రాసి ముగించేస్తాం. 2011 జనాభా లెక్కలు ఒకసారి తెరిచి చూడండి. దేశంలో పట్టణాలుగా లెక్కకు వచ్చినవి 7,933. అందులో లక్ష జనాభా దాటినవి 468 మాత్రమే. పట్టణ జనాభాలో సుమారు 70 శాతం ఆ 468 చోట్లే ఉన్నారన్నది నిజమే. కానీ మిగిలిన వేల పట్టణాలకు ప్రణాళిక ఎవరు వేస్తున్నారు? 2021లో నీతి ఆయోగ్ ఇచ్చిన నివేదిక ప్రకారం ఆ 7,933లో 65 శాతానికి అసలు మాస్టర్ ప్లానే లేదు.

అందుకే ఈ వ్యాసంలో పెద్ద నగరాన్ని వదిలేసి, 2001 నాటికి సుమారు లక్ష జనాభా ఉన్న ఒక నగరాన్ని తీసుకుందాం. అది గుజరాత్‌లోని కచ్ జిల్లా కేంద్రం భుజ్. 2001 భూకంపంలో దాని పాత నగరం, అంటే బజార్లు, వీధులు, గేట్లు ఉన్న నడిబొడ్డు, దాదాపుగా నేలమట్టమైంది. దాన్ని తిరిగి కట్టిన తీరు ప్రణాళికా చరిత్రలో ఒక మంచి అధ్యాయం. ఇందులో విజయం ఉంది, లోటూ ఉంది. రెండూ కలిపి చదివితేనే మనకు పనికొస్తుంది.

ముందుగా ఒక రాజ్యాంగ పునాది

74వ రాజ్యాంగ సవరణ (1992) ద్వారా చేరిన పన్నెండో షెడ్యూల్‌లో 18 అంశాలున్నాయని మీకు తెలుసు. వాటిలో మొదటి మూడింటిని ఒకసారి వరుసగా చెప్పుకోండి:

1. పట్టణ ప్రణాళిక
2. భూ వినియోగం, భవన నిర్మాణాల నియంత్రణ
3. ఆర్థిక, సామాజిక అభివృద్ధికి ప్రణాళిక

మొదటి రెండూ రోడ్లు, స్థలాలు, భవనాలకు సంబంధించినవి. మూడోది మనుషుల బతుకుదెరువుకు సంబంధించినది. మన పట్టణాల్లో మొదటి రెండూ ఎంతోకొంత జరుగుతాయి. మూడోది కాగితం మీదే ఉండిపోతుంది. భుజ్ కథంతా ఈ తేడా చుట్టూనే తిరుగుతుంది. చదువుతున్నంతసేపూ ఈ మూడు అంశాలను పక్కన పెట్టుకోండి.

భుజ్ ఎలా పెరిగింది, ఎలా వెనకబడింది

భుజ్‌ను 1510లో రావ్ హమీర్ స్థాపించాడని చెబుతారు. 1549లో మొదటి రావ్ ఖెంగార్జీ దాన్ని కచ్ రాజధానిగా చేసుకున్నాడు. ఊరి పక్కన భుజియా కొండ మీద కోట, ఊరి చుట్టూ గోడ, ఆ గోడకు ఐదు ద్వారాలు. ఊరి ఒడ్డున హమీర్‌సర్ చెరువు. వానలు తక్కువగా పడే కచ్‌లో ఆ చెరువు నిండి పొర్లిన రోజు ఇప్పటికీ ఊరికి పండగే, ఆ రోజు సెలవు కూడా ఇస్తారు.

గోడ లోపలి నగరం ఫలియాలుగా ఉండేది. ఫలియా అంటే ఒకే కులానికో, వృత్తికో చెందిన కుటుంబాలు ఒక ముంగిలి చుట్టూ కలిసి బతికే పేట. ఇరుకు సందులు, చాలాచోట్ల అవతలికి దారి లేకుండా ఆగిపోయే వీధులు. ఎండకు నీడ, పరాయివాడికి అడ్డు, ఇరుగుపొరుగుకు పలకరింపు, ఈ మూడూ ఆ సందుల వల్ల కలిగే ప్రయోజనాలు. కింద దుకాణం, పైన ఇల్లు అన్నది బజారు వీధుల్లో మామూలు.

స్వాతంత్ర్యం తర్వాత పరిస్థితి మారింది. 1948లో కచ్ భారత యూనియన్‌లో కలిసి చీఫ్ కమిషనర్ పాలనలోకి వచ్చింది. 1956లో బొంబాయి రాష్ట్రంలో, 1960లో గుజరాత్‌లో భాగమైంది. రాజధాని హోదా పోయి భుజ్ జిల్లా కేంద్రంగా మిగిలింది. మరోవైపు దేశ విభజనతో కరాచీ రేవు పాకిస్తాన్‌కు పోవడంతో, దాని స్థానంలో కాండ్లా రేవు వచ్చింది. 1955లో కాండ్లాను ప్రధాన ఓడరేవుగా ప్రకటించారు. సింధు నుంచి వచ్చిన శరణార్థుల కోసం పక్కనే గాంధీధామ్ అనే కొత్త పట్టణాన్ని ప్లాన్ వేసి కట్టారు. జిల్లాలో వ్యాపారపు బరువు నెమ్మదిగా అటు జరిగింది.

ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, భూకంపం రాకముందే భుజ్ నడిబొడ్డుకు ఆర్థిక ప్రశ్న ఉంది. పాలనా కేంద్రం, చిల్లర వర్తకం, చేతివృత్తులు, ఇవే ఆ ఊరి ఆదాయం.

2001 జనవరి 26

ఆ రోజు గణతంత్ర దినోత్సవం. ఉదయం 8:46కు భచావు ప్రాంతం కేంద్రంగా భూమి కంపించింది. తీవ్రత 7.7. కచ్‌కు భూకంపం కొత్త కాదు. 1819లో వచ్చిన కంపానికి నేల పైకి లేచి అల్లా బంద్ అనే మట్టికట్ట ఏర్పడింది. 1956లో అంజార్ దెబ్బతింది. కానీ ఈసారి నష్టం ముందెన్నడూ చూడనిది. ప్రభుత్వ లెక్క ప్రకారం సుమారు 13,800 మంది చనిపోయారు. రాష్ట్రంలో పది లక్షలకు పైగా ఇళ్లు కూలడమో దెబ్బతినడమో జరిగింది. భుజ్, అంజార్, భచావు, రాపర్ పట్టణాలు తీవ్రంగా దెబ్బతిన్నాయి.

భుజ్ పాత నగరంలో మరణాలు ఎక్కువగా ఉండటానికి ఇళ్ల నాణ్యత ఒక్కటే కారణం కాదు. సందులు ఇరుకు. ఇల్లు కూలితే పరుగెత్తడానికి ఖాళీ స్థలం లేదు. శిథిలాలు రెండు వైపుల నుంచీ వీధి మీదే పడ్డాయి. సహాయక బృందాలు లోపలికి వెళ్లడానికి దారి మూసుకుపోయింది. నీడనిచ్చిన సందే ప్రాణం తీసింది. అందువల్ల ‘ఉన్నది ఉన్నట్టు కట్టేద్దాం’ అనే మాట ఇక్కడ చెల్లలేదు.

భూకంపం వచ్చిన రెండు వారాల్లోనే, ఫిబ్రవరి 8న గుజరాత్ రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ ఏర్పడింది. 2003లో గుజరాత్ విపత్తు నిర్వహణ చట్టం, 2005లో జాతీయ చట్టం వచ్చాయి. ఈ వరుసను విపత్తు నిర్వహణ సమాధానంలో తప్పకుండా వాడండి. భుజ్ కోసం ప్రత్యేకంగా ఒక ప్రాంతాభివృద్ధి సంస్థను పెట్టారు. అహ్మదాబాద్‌కు చెందిన ఎన్విరాన్‌మెంటల్ ప్లానింగ్ కొలాబరేటివ్ అనే సంస్థ ప్రణాళిక తయారు చేసింది. ఆసియా అభివృద్ధి బ్యాంకు రాష్ట్ర పునర్నిర్మాణానికి 50 కోట్ల డాలర్ల రుణం ఇచ్చింది.

మూడు దారులు, ఒక ఎంపిక

శిథిల నగరం ముందు నిలబడిన ప్రణాళికా అధికారి స్థానంలో మిమ్మల్ని ఊహించుకోండి. మీ ముందు మూడు దారులున్నాయి.

మొదటిది, పాత నగరాన్ని వదిలేసి ఊరి బయట కొత్త నగరం కట్టడం. పని తేలిక. కానీ బజారు చచ్చిపోతుంది.

రెండోది, భూసేకరణ. రోడ్డుకు అడ్డొచ్చిన స్థలాలను చట్టం ప్రకారం తీసుకుని పరిహారం ఇవ్వడం. రోడ్డు మీద పడ్డవాడు ఊరు విడుస్తాడు. పక్కింటివాడికి పైసా ఖర్చు లేకుండా రోడ్డు ముఖం దొరుకుతుంది. ఒకే దుఃఖంలో ఉన్న ఇద్దరి మధ్య ఇంత తేడా ఎలా సమర్థిస్తాం?

మూడోది, పట్టణ ప్రణాళికా స్కీమ్. దీని మూలం 1915 నాటి బొంబాయి టౌన్ ప్లానింగ్ చట్టంలో ఉంది. గుజరాత్ దాన్ని 1976 చట్టంలో కొనసాగించింది. పద్ధతి ఇది: ఒక ప్రాంతంలోని స్థలాలన్నిటినీ కాగితం మీద ఒకే ముక్కగా భావిస్తారు. అందులోంచి రోడ్లకు, ఖాళీ స్థలాలకు, ప్రజావసరాలకు కావలసినంత తీస్తారు. మిగిలినదాన్ని చక్కగా మలిచి, కొంత తగ్గిన విస్తీర్ణంతో, వీలైనంతవరకు పాత చోటికి దగ్గరగానే యజమానులకు తిరిగి ఇస్తారు. అందరూ కొంత కోల్పోతారు, అందరికీ రోడ్డు వస్తుంది, ఎవరూ వెళ్లిపోనక్కర్లేదు.

మన తెలుగు పరీక్షల్లో భూ సేకరణ, భూ సమీకరణ అనే రెండు మాటలు కలగాపులగం అవుతుంటాయి. ఈ రెండో మాటకు మూలసూత్రం ఇదే. 2014 చివర్లో మొదలై అమరావతి కోసం సుమారు 33 వేల ఎకరాలు రైతుల నుంచి తీసుకున్నది కూడా సమీకరణ పద్ధతిలోనే. కానీ ఒక పెద్ద తేడా గుర్తుంచుకోండి. అక్కడ పొలం కొత్త నగరంగా మారాలి. ఇక్కడ ఇళ్లు, దుకాణాలు ఉన్న పాత నగరం మళ్లీ అదే నగరంగా నిలబడాలి. ఎదిగే నగర శివార్లలో వాడే పనిముట్టును నడిబొడ్డులో వాడటమే భుజ్ చేసిన సాహసం.

భుజ్ మూడో దారిని ఎంచుకుంది. పాత నగరాన్ని ఎనిమిది స్కీములుగా విభజించారు.

కోతలోని న్యాయం

ఈ స్కీములో అసలు మెలిక ఎంత కోత వేయాలన్నది. అందరికీ ఒకే శాతం అంటే వినడానికి సమానంగానే ఉంటుంది. కానీ 28 చదరపు మీటర్ల స్థలంలో 30 శాతం తీసేస్తే మిగిలినదానిలో ఇల్లు పట్టదు. అందుకే మెట్ల వారీగా కోత పెట్టారు:

• 30 చదరపు మీటర్ల వరకు: కోత లేదు
• 30 నుంచి 100 వరకు: 10 శాతం
• 100 నుంచి 200 వరకు: 20 శాతం
• 200 నుంచి 500 వరకు: 30 శాతం
• 500 పైన: 35 శాతం

లెక్క వేసి చూద్దాం. 150 చదరపు మీటర్లున్నవారికి 120 తిరిగి వస్తుంది. 600 ఉన్నవారికి 390 వస్తుంది. 28 ఉన్నవారికి 28 అలాగే ఉంటుంది. ఆదాయపు పన్నులో శ్లాబులు ఎందుకు పెడతామో, ఇక్కడా అందుకే పెట్టారు. సమానత్వానికీ సమన్యాయానికీ తేడా ఏమిటని ఎథిక్స్ పేపర్లో అడిగితే ఇంతకన్నా శుభ్రమైన ఉదాహరణ దొరకడం కష్టం.

దీంతో వీధులు వెడల్పయ్యాయి. అవతలికి దారి లేని సందులు చాలావరకు కలిశాయి. శిథిలాలు పడినా మనిషి బయటపడే దారి వచ్చింది. పాత నగరంలో భవనాల ఎత్తును గ్రౌండ్ ప్లస్ వన్‌కు పరిమితం చేశారు. తాగునీరు, మురుగునీటి లైన్లు కొత్తగా వేశారు. పాత నగరంలో రద్దీ తగ్గించడానికి, వెళ్లాలనుకున్నవారి కోసం ముంద్రా రోడ్, ఆర్‌టీఓ, రావల్‌వాడి, జీఐడీసీ అనే నాలుగు పునరావాస లేఅవుట్లు ఊరి బయట వచ్చాయి. ముసాయిదాలను స్థల యజమానుల ముందు పెట్టి అభ్యంతరాలు విన్నారు. ఏళ్ల తరబడి నడిచే స్కీములకు అలవాటుపడ్డ దేశంలో భుజ్ పని చాలా వేగంగా పూర్తయింది.

ఇప్పుడు నాణేనికి రెండో వైపు

పన్నెండో షెడ్యూల్‌లోని మొదటి రెండు అంశాలకు భుజ్‌కు మంచి మార్కులే వేయవచ్చు. మూడో అంశం దగ్గరకు వద్దాం.

మొదటి లోటు, కాలం. ప్రణాళిక తేలేవరకు పాత నగరంలో కట్టడానికి వీల్లేదు. ఎంత వేగంగా చేసినా ఇది నెలల్లో తేలే పని కాదు. ప్రణాళికకు రెండేళ్లు తక్కువ కావచ్చు, చిల్లర వర్తకుడికి రెండేళ్లు చాలా ఎక్కువ. అతను అప్పటికే తాత్కాలిక షెడ్డులో దుకాణం పెట్టుకున్నాడు. అతని ఖాతాదారు ఊరి బయట లేఅవుట్‌కు మారిపోయాడు. గోడ బయటి వెడల్పాటి రోడ్ల పక్కన కొత్త వ్యాపారం పుట్టింది. తిరిగి కట్టుకునే అనుమతి వచ్చేసరికి బజారు అలవాటు మారిపోయింది. బజారు అంటే భవనం కాదు, జనం నడక. నడక దారి మారితే దాన్ని వెనక్కి తేవడానికి రోడ్డు వెడల్పు ఒక్కటే చాలదు.

రెండో లోటు, అద్దెదారు. స్కీము అంతా స్థలం చుట్టూ తిరుగుతుంది. స్థలం ఉన్నవాడే అందులో పక్షం. పాత నగరంలో తరతరాలుగా తక్కువ అద్దెకు ఉన్న కుటుంబాలు, అద్దె దుకాణాలు చాలానే ఉండేవి. యజమానికి స్థలం తిరిగి వచ్చింది. అద్దెదారుకు పాత అద్దె తిరిగి రాలేదు. వారి పునరావాసం అందరికన్నా వెనక మొదలైంది. న్యాయంగా వేసిన కోత పట్టికలో కూడా అద్దెదారుకు ఒక గడి లేదన్నది మనం గమనించాలి.

మూడో లోటు, ఇరుగుపొరుగు. ఫలియా మొత్తం ఒకేచోటికి మారలేదు. స్తోమత ఉన్నవారు లేఅవుట్‌కు వెళ్లారు, లేనివారు లోపలే ఉండిపోయారు. అప్పు పుట్టించే పొరుగు, పిల్లల్ని చూసే పొరుగు, పని చెప్పే పొరుగు చెల్లాచెదురయ్యారు. పేదవాడికి ఇవన్నీ ఆర్థిక వనరులే, ఏ సర్వేలోనూ కనిపించకపోయినా.

నాలుగోది, ఎవరు చేశారన్నది. ప్రాంతాభివృద్ధి సంస్థ, విపత్తు నిర్వహణ సంస్థ, రెండూ రాష్ట్ర ప్రభుత్వం పెట్టినవే. ఎన్నికైన మున్సిపాలిటీ పాత్ర వెనకబడింది. అత్యవసరంలో ఇది అర్థం చేసుకోదగినదే. కానీ కట్టిన రోడ్డును, లైనును తర్వాత నడపాల్సింది మున్సిపాలిటీయే. ప్రణాళికా సామర్థ్యం బయటి నుంచి వచ్చి పని ముగించుకుని వెళ్లిపోతే, తర్వాతి ఇరవై ఏళ్ల ఊరిని ఎవరు చూస్తారు? 74వ సవరణ అడిగే ప్రశ్న ఇదే.

జిల్లా ఎదిగితే నడిబొడ్డు ఎదిగినట్టేనా?

2001 జూలై చివర్లో కేంద్రం కచ్‌కు ఎక్సైజ్ సుంకం మినహాయింపు ప్రకటించింది. గడువులోగా పెట్టిన కొత్త పరిశ్రమకు ఉత్పత్తి మొదలైనప్పటి నుంచి ఐదేళ్ల పాటు రాయితీ. ఆ గడువును తర్వాత 2005 డిసెంబర్ వరకు పొడిగించారు. ముంద్రా, కాండ్లా రేవులు పక్కనే ఉండటం తోడై, జిల్లాకు ఉక్కు పైపులు, వస్త్రాలు, విద్యుత్తు వంటి పెద్ద పెట్టుబడులు వచ్చాయి. విపత్తు తర్వాత ఒక ప్రాంతం పుంజుకోవడానికి ఇది తరచూ చెప్పే ఉదాహరణ.

కానీ పరిశ్రమ రేవు దగ్గర, హైవే దగ్గర వెలుస్తుంది. పాత బజారులో వెలవదు. భుజ్ బజారులో పనిచేసే రంగరేజుకు, కంసాలికి, బట్టల కొట్టు గుమాస్తాకు ఎక్సైజ్ మినహాయింపుతో నేరుగా సంబంధం లేదు. జిల్లా సగటు ఆదాయం పెరగడం ఒకటి, నడిబొడ్డులో చిన్నవాడి గల్లాపెట్టె నిండటం ఇంకొకటి. సమాధానం రాసేటప్పుడు ఈ రెంటినీ ఒకే వాక్యంలో కలిపేయకండి.

చిన్నవాడి వైపు నుంచి జరిగిన ప్రయత్నాలూ ఉన్నాయి. భూకంపం తర్వాత ధమడ్కాలో నీటి స్వభావం మారి అజ్రఖ్ అద్దకానికి ఇబ్బంది రావడంతో, అద్దకందారులు భుజ్‌కు దగ్గరలో అజ్రఖ్‌పూర్ అనే కొత్త ఊరు కట్టుకున్నారు. 2005 నుంచి రణ్ ఉత్సవం మొదలై పర్యాటకులు భుజ్ మీదుగా తెల్ల ఎడారికి వెళ్తున్నారు. 2021లో ధోలావీరాకు ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. 2022లో భుజియా కొండ మీద భూకంప మృతుల స్మారకంగా స్మృతివన్ ప్రారంభమైంది. ఇక ప్రశ్న ఏమిటంటే, ఈ జనంలో ఎందరు పాత నగరంలో ఒక పూట ఆగి భోంచేసి, ఒక దుప్పటి కొనుక్కుని వెళ్తున్నారు? చిన్న నగరపు ఆర్థిక ప్రణాళిక ఇంత చిన్న ప్రశ్నతోనే మొదలవుతుంది.

జాతీయ పథకాలతో ముడిపెట్టి చూడండి

• 1979-80లో మొదలైన చిన్న, మధ్య తరహా పట్టణాల సమగ్రాభివృద్ధి పథకం మొదట లక్ష లోపు జనాభా ఊళ్లను ఉద్దేశించింది. మార్కెట్ సముదాయాలు, బస్టాండ్లు, మండీలు అందులో ఉండేవి. అంటే బతుకుదెరువును ప్రణాళికలో పెట్టాలన్న ఆలోచన కొత్తది కాదు.
• 2005లో దాని స్థానంలో వచ్చిన పథకం నీరు, మురుగు, రోడ్ల వంటి మౌలిక వసతుల మీదికి మళ్లింది. 2015లో వచ్చిన అమృత్ కూడా ప్రధానంగా నీరు, మురుగునీటి పథకమే.
• 2015 నాటి హృదయ్ పథకం వరంగల్, అమరావతితో సహా 12 వారసత్వ నగరాలను తీసుకుంది.
• 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి. నడిబొడ్డును బాగుచేసే ఏ ప్లానుకైనా ఇది మొదటి మెట్టు. తోపుడుబండిని తీసేసి బెంచీలు వేస్తే అది సుందరీకరణ అవుతుంది, పునరుజ్జీవనం కాదు.

పరీక్షలో ఎలా వాడాలి

జీఎస్-1లో పట్టణీకరణ, జీఎస్-2లో స్థానిక ప్రభుత్వాలు, జీఎస్-3లో విపత్తు నిర్వహణ, వ్యాసం పేపర్, గ్రూప్-1 మెయిన్స్, ఇన్ని చోట్ల భుజ్ ఉదాహరణ పనికొస్తుంది. నాలుగు వాక్యాల్లో ఇలా గుర్తుపెట్టుకోండి:

• సాధనం: భూసేకరణ బదులు పట్టణ ప్రణాళికా స్కీము.
• న్యాయం: స్థలం పెరిగేకొద్దీ పెరిగే కోత, చిన్న స్థలానికి సున్నా.
• లోటు: అద్దెదారు, చిల్లర వర్తకుడు, మున్సిపాలిటీ.
• పాఠం: వీధికి వేసిన ప్లానుతో పాటే వీధిలో జరిగే బేరానికీ ప్లాను ఉండాలి.

ఒక మాట చెప్పి ముగిస్తాను. మీలో కొందరు రేపు మున్సిపల్ కమిషనర్లు, సబ్ కలెక్టర్లు అవుతారు. మీ బల్ల మీదికి ఏదో ఒక చిన్న ఊరి మెయిన్ బజారు విస్తరణ ఫైలు తప్పకుండా వస్తుంది. అందులో రోడ్డు వెడల్పు ఉంటుంది, పరిహారం పట్టిక ఉంటుంది, సర్వే నంబర్లు ఉంటాయి. అద్దె కొట్టులో ఇరవై ఏళ్లుగా కూర్చున్న మనిషి పేరు మాత్రం ఉండదు. సంతకం పెట్టేముందు ఆ పేర్ల జాబితా తెప్పించండి. పని జరిగే ఏడాది, ఏడాదిన్నర వాళ్లు ఎక్కడ కూర్చుని అమ్ముకుంటారో, పని అయ్యాక ఏ అద్దెకు తిరిగి వస్తారో అదే ఫైలులో రాయించండి. పన్నెండో షెడ్యూల్‌లోని మూడో అంశానికి ఊళ్లో అర్థం అదే.

సాధన ప్రశ్నలు

1. ‘నగరం తిరిగి కట్టడం వేరు, నగర జీవనం తిరిగి నిలబడటం వేరు.’ భుజ్ అనుభవం ఆధారంగా చర్చించండి. (250 పదాలు)
2. భూ సేకరణ, భూ సమీకరణ పద్ధతులను పాత పట్టణ ప్రాంతాల సందర్భంలో పోల్చండి. అద్దెదారుల హక్కులను ఇందులో ఎలా చేర్చవచ్చు? (150 పదాలు)
3. చిన్న నగరాల్లో 74వ రాజ్యాంగ సవరణ అమలు ఎందుకు బలహీనంగా ఉంది? ప్రణాళికా సామర్థ్యం కోణంలో విశ్లేషించండి. (150 పదాలు)